చందమామ సీరియల్స్ టాప్ 5: ఆ ఆథర్ కాలమ్ ఖాళీగా వదలకండి

అలాన్ మూర్ అంటే స్వాంప్ థింగ్. క్రిస్ క్లేర్‌మాంట్ అంటే 1975 నుంచి 1991 దాకా రాసిన ఎక్స్-మెన్. ఏ రైటర్ రాసిన ఏ రన్ గొప్పదని మన గ్రూపుల్లో జరిగే గొడవ ప్రాసెసర్ల గొడవకేం తీసిపోదు. మరి ఇదే గొడవ దాసరి సుబ్రహ్మణ్యం గారి మీద ఎందుకు జరగదు?

"ఆయనెవరు?" అని మీరడిగితే తప్పు మీది కాదు. పుట్టింది 1932లో, తెనాలి వైపు పెదగాదెలవర్రులో. 1952లో మద్రాసు వెళ్లి చందమామ ఆఫీసులో చేరారు. 2006 దాకా, అంటే 54 ఏళ్లు, అదే పత్రిక. 2010లో విజయవాడలో కన్నుమూశారు. తోకచుక్క మొదలుకొని పన్నెండు సీరియల్స్ ఆయనవే. కానీ సీరియల్ పేజీలో ఆయన పేరు ఉండేది కాదు. తెలుగులోనే కాదు, చందమామ వచ్చిన మిగతా భాషల్లోనూ పిల్లలు ఆ కథల కోసం నెలంతా ఎదురుచూశారు, రాసిందెవరో తెలియకుండానే.

ఇవి ప్యానెల్స్ ఉన్న కామిక్స్ కావు. చిత్రా గారి బొమ్మలతో వచ్చిన కథలు. అయినా రన్ అంటే ఏంటో వీటికి బాగా తెలుసు. ముందు నెల కథ నాలుగు ముక్కల్లో గుర్తుచేయడం, హీరోని ఇరకాటంలో పెట్టి ఆపడం, మళ్లీ నెల దాకా మనల్ని కూర్చోబెట్టడం. ఇక నా లిస్టు.

5. ముగ్గురు మాంత్రికులు

పింగళుడి కథ సరదాగా పరిగెడుతుంది. పద్మపాదుడితో కలిసి అతను ముందుకెళ్తుంటే ప్రతి నెలా కొత్త చిక్కు. ఐదో స్థానం ఎందుకంటే, దీని అసలు అస్థిపంజరం అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథది. అడాప్టేషన్‌గా ఫస్ట్ క్లాస్, కాకపోతే ఫ్రేమ్‌వర్క్ వేరేవాళ్లది.

4. మాయాసరోవరం

జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇద్దరి జోడీనే దీనికి బలం. ఒకరిది కత్తి, ఇంకొకరిది మంత్రం. ఒకరు తొందరపడితే రెండోవాళ్లు సర్దుతారు. ఇప్పటి సినిమాల్లో హీరో పక్కన ఫ్రెండ్ అంటే కామెడీకే. ఇక్కడ సిద్ధసాధకుడు లేకపోతే కథ ఒక్క అడుగు కదలదు.

3. శిథిలాలయం

హీరో ఎవరో చూడండి. శిఖిముఖి సవర యువకుడు. పక్కన విక్రమకేసరి ఉన్నా, అడవి తెలిసినవాడు, దారి చూపేవాడు శిఖిముఖే. 1960ల్లో పిల్లల పత్రికలో గిరిజన కుర్రాడు రాజకుమారుల కథల్లోలాగా నౌకరో, గైడో కాకుండా నాయకుడయ్యాడు. మన పెద్ద బడ్జెట్ ఫాంటసీలు ఈ పాయింట్‌కి ఇంకా పూర్తిగా రాలేదు.

2. రాకాసిలోయ

చాలామంది ఫ్యాన్స్ దీన్నే నంబర్ వన్ అంటారు. కేశవుడు, జయమల్లుడు, గోమాంగో ముగ్గురు టీమ్. ఎదురుగా బ్రహ్మదండి మాంత్రికుడు. విలన్ అంటే ఇలా ఉండాలి: భయపెడతాడు, నవ్విస్తాడు, ఒక్కోసారి పాపం అనిపిస్తాడు కూడా. నా కంప్లయింట్ ఒక్కటే. కథ చాలా పొడుగు. ఏకబిగిన చదివితే మధ్యలో అడవి ఎంతకీ అవ్వదు. నెలనెలా చదివినవాళ్లకి అది తెలిసి ఉండదు, మనకి తెలుస్తుంది.

1. తోకచుక్క

1954లో వచ్చిన ఫస్ట్ రిలీజ్, నా దృష్టిలో బెస్ట్ రిలీజ్. కుండలినీ ద్వీపం, ఆకాశంలో తోకచుక్క, సేనాధిపతి సమరసేనుడు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికులు కొట్టుకుంటుంటే మధ్యలో ఈయన ఇరుక్కుంటాడు. చతుర్నేత్రుడి దగ్గర నరవానరం, ఉలూకం. సమరసేనుడి దగ్గరేమో బుర్ర, ధైర్యం, అంతే. పవర్స్ ఉన్నవాళ్ల యుద్ధంలో పవర్స్ లేనివాడు బతికి బయటపడడమే కథ. సూపర్‌మ్యాన్ కంటే బ్యాట్‌మ్యాన్ ఎందుకు నచ్చుతాడో తెలిసినవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. ఇది రాసేటప్పటికి దాసరి గారికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. మనలో చాలామందికి ఆ వయసులో మొదటి జాబ్ ప్రొబేషనే పూర్తి కాదు.

బ్యాట్‌మ్యాన్ అన్నాను కాబట్టి ఇంకో మాట. 1939లో వచ్చిన ఆ క్యారెక్టర్‌ని మలచడంలో బిల్ ఫింగర్‌కి పెద్ద వాటా ఉంది. పేరు మాత్రం బాబ్ కేన్ ఒక్కడిదే పడేది. ఫింగర్ 1974లో చనిపోయాడు. అధికారికంగా క్రెడిట్ దక్కింది 2015లో. మధ్యలో ఫ్యాన్స్ ఊరుకోలేదు కాబట్టే అదైనా జరిగింది.

చందమామ టీమ్ వర్క్ కదా, ఒక్కడి పేరెందుకు అని మీరనొచ్చు. నిజమే. కథలన్నిటి భాషని కొడవటిగంటి కుటుంబరావు గారు ఎడిటర్‌గా దిద్దేవారు, బొమ్మలు చిత్రా గారివి. మా టీమ్‌లోనూ నా కోడ్‌ని ఇద్దరు రివ్యూ చేసి మార్పిస్తారు. అయినా కమిట్ మీద నా పేరుంటుంది. రివ్యూ జరిగిందని ఆథర్ పేరు తీసేయరు.

చందమామ ఇప్పుడు రావట్లేదు. ఈ సీరియల్స్ ఎక్కువగా మన ఫోన్లలో పీడీఎఫ్‌లుగానే తిరుగుతున్నాయి. నా ట్యాబ్‌లో వాటి ఆథర్ ఫీల్డ్ చూశాను. కొన్నింట్లో 'చందమామ' అని ఉంది, మిగతావి ఖాళీ. అంటే 1954లో వదిలేసిన పేరుని మనం ఇప్పుడు కూడా వదిలేస్తున్నాం. అప్పట్లో అది పత్రిక పద్ధతి అనుకుందాం. ఇప్పుడు మన సాకేంటి?

చేయాల్సింది చిన్న పనే. క్యాలిబర్ ఓపెన్ చేసి మెటాడేటా ఎడిట్ చేయండి. ఆథర్: దాసరి సుబ్రహ్మణ్యం. బొమ్మలు: చిత్రా. ఒక్కో ఫైల్‌కి అర నిమిషం పడుతుంది. తర్వాత ఫార్వర్డ్ చేయండి. చదవడానికి మాత్రం ఆరంగుళాల ఫోన్ వద్దు, రెండు కాలమ్‌ల పేజీని జూమ్ చేసీ చేసీ విసుగొస్తుంది. పదంగుళాల ట్యాబ్ హాయి. కాగితమే కావాలంటే వాహిని బుక్ ట్రస్ట్ వేసిన పుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్ పాత షాపుల్లోనూ, జనవరి బుక్ ఎగ్జిబిషన్‌లోనూ వెతకండి.

రాకాసిలోయ రెండో స్థానంలో ఉందని తిట్టాలనుకుంటే తిట్టండి. తిట్టేటప్పుడు రైటర్ పేరు పెట్టి తిట్టండి చాలు.