రాళ్ల మధ్య ఒక్క చుట్టు

కొండలెక్కాలంటే మున్నారో మనాలీయో వెళ్లాలనుకుంటాం. సెలవు దొరికితే రిజర్వేషన్ దొరకదు. రెండూ దొరికితే పిల్లల పరీక్షలు వస్తాయి. ఇంతకీ హైదరాబాద్‌లో మనం కాపురం ఉంటున్నదే కొండల మీద! బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, గుట్టల బేగంపేట, రాయదుర్గం, మౌలాలి గుట్ట... ఇక్కడ ఒకప్పుడు ఏముండేదో ఆ పేర్లే చెబుతాయి.

ఆ పాత నేల ఎలా ఉండేదో ఇప్పుడు చూడాలంటే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కుకు వెళ్లాలి. దాదాపు 390 ఎకరాల ఈ అడవిని 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ దీని లోపలే ఉంది. చుట్టూ రోడ్లు, సిగ్నళ్లు, ఆగకుండా మోగే హారన్లు. లోపలికి పది నిమిషాలు నడిస్తే ఆ మోత వెనక్కి తగ్గి నెమలి కూత ముందుకొస్తుంది. అయితే రోజూ వచ్చేవాళ్లలో చాలామంది వాచీ చూసుకుంటూ, షుగరు గురించి మాట్లాడుకుంటూ చుట్టు ముగించి వెళ్లిపోతారు. పక్కనే ఏనుగంత బండ ఉన్నా దానివైపు చూడరు.

గుండు మీద గుండు ఎవరు పెట్టారు?

వెంట పిల్లలుంటే మొదటి ప్రశ్న ఇదే. లోకాన్ని సృష్టించాక మిగిలిపోయిన రాళ్లను దేవుడు ఇక్కడ కుమ్మరించాడని సరదాగా చెప్పుకుంటారు. అసలు కథ అంతకన్నా వింతగా ఉంటుంది.

ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు లేవడం మొదలై ఐదు కోట్ల ఏళ్లే అయింది. అంటే మన జూబ్లీహిల్స్ బండ ముందు ఎవరెస్టు పసిబిడ్డ! భూమి లోతుల్లో కరిగిన ద్రవం మెల్లగా చల్లబడి ఈ రాయి అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాయి. బరువు తగ్గేసరికి రాయి అడ్డంగా, నిలువుగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి ముందు అవే అరిగిపోయాయి. పలకగా ఉన్న రాయి గుండ్రమైంది. చుట్టూ మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోయాక గుండు మీద గుండు మిగిలింది. అంటే ఎవరూ తెచ్చి పెట్టలేదు... అవి అక్కడే, ఒకే బండలోంచి తయారయ్యాయి.

కొన్ని బండల పైపొర ఉల్లిపాయలా ఊడి వస్తుంటుంది. అదీ ఈ పనే. ఇంకా జరుగుతూనే ఉంది. కొన్నిచోట్ల రాతి అంచున వరసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. ఇవి మాత్రం మనిషి చేసినవి. రాళ్లు కొట్టేవాళ్లు వరసగా గుంటలు తొలిచి, ఇనుప మేకులు దిగగొట్టి బండను చీల్చిన గుర్తులవి.

కాలు ఎలా పెట్టాలి?

పార్కులో దారి దాటి వెళ్లకూడదు. అక్కడ భయం లేదు. ఖాజాగూడ గుట్టల్లాంటి చోట దారి అంటూ ఉండదు. పరుపుబండ మీద అడుగుజాడ పడదు. ఏదో రాయిని గుర్తు పెట్టుకుంటాం కానీ, అదే రాయి వెనక నుంచి చూస్తే వేరే రాయిలా ఉంటుంది. అందుకే నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకోండి. చూడకుండా పగుళ్లలో చెయ్యి పెట్టకండి. పాములు, తేళ్లు ఎండకు అక్కడే తలదాచుకుంటాయి. వానాకాలంలో నల్లగా మెరిసే చోట పాచి ఉంటుంది, పక్కకు తప్పుకోండి.

చుట్టు దారికి ఇంకో లెక్క ఉంది. సగం దాటాక వెనక్కి తిరగడం కన్నా ముందుకెళ్లడమే దగ్గర. మోకాలు నొప్పి పెట్టినా, నీళ్లు తగ్గినా సగం లోపే నిర్ణయించుకోవాలి. ఎండాకాలంలో తొమ్మిది దాటేసరికి బండ పెనంలా కాలుతుంది. వెలుగు రాగానే బయల్దేరడం మేలు.

ఒకే దారి, నాలుగు రంగులు

ఎప్పుడూ అదే చుట్టు అయితే విసుగు రాదా? రాదు. మాఘ ఫాల్గుణాల్లో ఈ రాతి నేలల్లో మోదుగ ఎర్రగా మండుతుంది. ఎండలు ముదిరాక రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. బతుకమ్మ నాటికి తంగేడు పూస్తుంది. ఆ వెంటనే సీతాఫలాలు కళ్లు విప్పుతాయి. ఈ చెట్లకు పిడికెడు మట్టి చాలు. రాతి పగుళ్లలో దిగిన వాన నీరే వాటికి ఆధారం.

బండను పేల్చేసి చదును చేస్తే పోయేది అందం ఒక్కటే అనుకుంటాం. పగుళ్లలో ఇంకాల్సిన నీరు రోడ్డెక్కుతుంది. ఒక్క గంట వానకు కాలనీ మునగడానికి, వేసవిలో బోరు ఎండడానికి అదీ ఒక కారణమే.

1996లో ఈ నగరంలోనే పుట్టిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ రాళ్ల మధ్య నడకలు ఏర్పాటు చేస్తూ ఈ మాటే చెబుతూ వచ్చింది. పుట్టగొడుగు రాయి ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన, కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025 మార్చి చివర యంత్రాలు దిగినప్పుడు విద్యార్థులు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్లు కొట్టడం ఆపమంది. నరికిన చెట్టు స్థానంలో మొక్క నాటితే ముప్పై ఏళ్లకైనా నీడనిస్తుంది. రాయిని మాత్రం ఎవరూ నాటలేరు.

అన్ని బండలనూ కాపాడటం మన చేతుల్లో లేకపోవచ్చు. ఇల్లు కట్టుకునే స్థలంలో రాయి ఉంటే దాన్ని పగలగొట్టకుండా చుట్టూ గోడ కట్టుకున్న ఇళ్లు ఈ ఊళ్లోనే ఉన్నాయి. గొల్లకొండ కట్టినవాళ్లూ అదే చేశారు. బండల్ని కలుపుకుంటూ గోడ లేపారు. మనం వాళ్లకన్నా తెలివైనవాళ్లమని చెప్పుకుంటున్నాం కదా... ఆపాటి పని చేయలేమా?

వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లండి. వేగంగా నడవమని తొందరపెట్టకండి. ఒక గుండు దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేయించి, వయసు చెప్పండి. సున్నాలు లెక్కపెట్టడం వాళ్లే మొదలుపెడతారు.