లోహదేహం, మారని పగ

వర్షాకాలపు ఒక రాత్రి మారేడుమిల్లిలో బస చేసినప్పుడు మిత్రుని కుమారుడు ఒక జపనీయ చలనచిత్రాన్ని చూపించాడు. తకాషి మీకే దర్శకత్వంలో 1997లో నేరుగా వీడియోగా వెలువడిన ‘ఫుల్ మెటల్ యాకుజా’ అది. అల్పవ్యయ నిర్మితి, రక్తపాతం మాత్రం అపారం. సాధకులను చూడుమని చెప్పను.

అయినా కథాంశం విచారణీయం. బలహీనుడైన ఒక ముఠా అనుచరుడు, తాను ఆరాధించిన నాయకునితోపాటు హతుడౌతాడు. ఒక శాస్త్రజ్ఞుడు అతనికి లోహదేహాన్నీ, ఆ నాయకుని హృదయాన్నీ అమర్చి లేపుతాడు. ఇక పగ తీర్చుకొనేది ఎవరు? స్థూలశరీరం మారింది, సూక్ష్మశరీరంలోని ద్వేషవాసన చెక్కుచెదరలేదు. మన ‘ఈగ’ (2012)లోనూ అంతే. ఈ నాయకులకు చప్పట్లు కొట్టే మనమే, నిద్రిస్తున్న ఉపపాండవులను వధించిన అశ్వత్థామను నిందిస్తాం. తండ్రిని కోల్పోయినవాని పగ కాదా అదీ? దానికి ఫలం, శిరోమణి పోయి మూడువేల సంవత్సరాల ఏకాంత సంచారం. యంత్రదేహంతో మృత్యువును దాటుదామనేవారు సౌప్తికపర్వాన్ని ఒకసారి చదవాలి.

నా కుడిమోకాలిలోనూ వైద్యులు అమర్చిన లోహపు కీలు ఉన్నది. నొప్పి పోయింది. పొలంగట్టు విషయమై తమ్మునిపై తొమ్మిదేళ్ళనాటి కోపం పోలేదు. ఆ రాత్రి సిగ్నల్ లేదు. మరునాడు రంపచోడవరం చేరాక వానికి ఫోన్ చేశాను.