వత్తి చూడు, చిమ్నీ కాదు

ఇంటి పని, తెలుగు మాట

ఒకసారి తలెత్తి మీ ఇంటి సీలింగు చూడండి. లోపలికి పాతిన గుండ్రటి లైట్లు ఉన్నాయా? అమెరికాలో వాటిని క్యాన్ లైట్లు అంటారు. వాటిలో పాత హాలోజెన్ బల్బులు తీసి ఎల్ఈడీలు పెట్టారా? అప్పటి నుంచి లైట్లు కొట్టుకుంటున్నాయా? అయితే ఈ నెల పేజీ మీ కోసమే.

మాది హేవర్డ్. మా ముందు గదిలో ఆరు హాలోజెన్ బల్బులు ఉండేవి. ఒకటి మాడిపోయింది. అలాంటిదే కొందామంటే దొరకలేదు. వాటుకు కనీసం 45 ల్యూమెన్ల వెలుతురు ఇవ్వని మామూలు బల్బుల అమ్మకం కాలిఫోర్నియాలో 2020లో ఆగింది. దేశమంతటా 2023 ఆగస్టు 1 నుంచి ఆగింది. హాలోజెన్ బల్బు అంత వెలుతురు ఇవ్వలేదు.

సరే అని ఆరు ఎల్ఈడీలు పెట్టాను. సాయంత్రం వెలుతురు తగ్గించగానే ఆరూ మిణుకు మిణుకుమన్నాయి. వేరే కంపెనీవి కొన్నాను. అవీ అంతే. తలనొప్పి వస్తోందని మా అమ్మ ఆ గదిలో కూర్చోవడమే మానేసింది.

అమ్మ ఫిజీలో, లంబాసా దగ్గర చెరకు తోటల మధ్య పెరిగింది. వాళ్ల ఇంట్లో కిరసనాయిలు దీపం ఉండేది. నేను మూడోసారి బల్బులు కొనడానికి బయలుదేరుతుంటే అమ్మ అడిగింది: "దీపం రెపరెపలాడితే చిమ్నీ మారుస్తామా నాన్నా? ముందు వత్తి చూస్తాం కదా!"

మన వత్తి గోడ మీద ఉంది. దాని పేరు డిమ్మర్. అంటే వెలుతురు పెంచే, తగ్గించే స్విచ్చు.

ఎందుకు కొట్టుకుంటాయి?

మొదటి కారణం భారం. హాలోజెన్ బల్బు ఒక్కోటి 50 వాట్లు. ఆరు కలిపితే 300. ఎల్ఈడీ ఒక్కోటి 7 వాట్లు. ఆరు కలిపితే 42 మాత్రమే. పాత డిమ్మర్ సరిగ్గా పనిచేయాలంటే దాని మీద కొంత భారం ఉండాలి. చాలా వాటికి కనీసం 40 వాట్లో, 60 వాట్లో కావాలి. వెలుతురు తగ్గించినప్పుడు మన 42 వాట్లు ఇంకా తగ్గిపోతాయి. డిమ్మర్ తడబడుతుంది.

రెండో కారణం వేడి. పాత డిమ్మర్ కరెంటును సెకనుకు 120 సార్లు ఆపి, మళ్లీ వదులుతుంది. హాలోజెన్ బల్బు ఇనుప పెనం లాంటిది. పొయ్యి కట్టేసినా పెనం వెంటనే చల్లారదు. అలాగే బల్బులోని తీగ చల్లారేలోపే మళ్లీ కరెంటు వస్తుంది. అందుకే మన కంటికి తేడా తెలియదు. ఎల్ఈడీకి అలాంటి వేడి తీగ లేదు. కరెంటులో చిన్న తేడా వచ్చినా వెలుగులో కనిపిస్తుంది.

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఇవి చూడండి

1. బల్బు పెట్టె చదవండి. డిమ్మర్‌తో వాడవచ్చని రాసి ఉందా? లేకపోతే ఆ బల్బు అక్కడ పనికిరాదు. ఫిజీ, మారిషస్, దక్షిణాఫ్రికా నుంచి చుట్టాలు తెచ్చిన బల్బులు కూడా వద్దు. అక్కడ కరెంటు 230, 240 వోల్టులు. ఇక్కడి ఇళ్ల లైట్లకు 120.

2. డిమ్మర్‌ను పూర్తిగా పైకి పెట్టండి. మిణుకు ఆగిందా? అయితే అనుమానం డిమ్మర్ మీదే.

3. బల్బులు చల్లారాక ఒక ఎల్ఈడీ తీసి, పాత హాలోజెన్ ఒకటి పెట్టండి. అన్నీ నిలకడగా వెలిగితే, భారం చాలడం లేదని అర్థం. ఇందుకోసం పాత బల్బు ఒకటి దాచుకోండి.

4. డిమ్మర్ లేకపోయినా కొట్టుకుంటున్నాయా? బల్బు మీద 12 వోల్టులు అని ఉందేమో చూడండి. అలాంటి లైట్లకు ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది కూడా హాలోజెన్ భారానికి చేసినదే. దాని బదులు ఎల్ఈడీ డ్రైవర్ పెట్టించాలి.

5. లైటు కాసేపు వెలిగి, ఆరిపోయి, కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ వెలుగుతోందా? అది మిణుకు కాదు. లోపల వేడి ఎక్కువైంది. మూసి ఉన్న లైట్లలో వాడదగిన బల్బు కొనండి. అయినా ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

తప్పు డిమ్మర్‌దే అని తేలితే, ఎల్ఈడీల కోసం చేసిన డిమ్మర్ తీసుకోండి. ఏ బల్బులు దానితో కుదురుతాయో తయారీదారులు పట్టిక ఇస్తారు. ముందు అది చూసి, తర్వాత బల్బులు కొనండి. నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు!

ఇక్కడ ఆగండి

ఇల్లంతా లైట్లు ఎగసిపడుతున్నాయా? ఒక గదిలో వెలుతురు తగ్గితే ఇంకో గదిలో పెరుగుతోందా? అది బల్బుల గొడవ కాదు. ఎక్కడో న్యూట్రల్ తీగ వదులై ఉండవచ్చు. వెంటనే కరెంటు కంపెనీకి గానీ, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు గానీ ఫోను చేయండి. స్విచ్చు దగ్గర కాలిన వాసన వచ్చినా, చిటపట చప్పుడు విన్నా, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా ఆ బ్రేకర్ ఆపేసి పిలవండి. డిమ్మర్ కాస్త వెచ్చగా ఉండడం మాత్రం మామూలే.

మా ఇంట్లో డిమ్మర్ మార్చడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బ్రేకర్ ఆపి, స్విచ్చు పలక విప్పాడు. లోపల ఒక తీగ వదులుగా ఉంది. దాని తొడుగు నల్లగా మాడింది. నేను మూడోసారి కూడా బల్బులే మార్చి, అవి నిలకడగా వెలిగి ఉంటే, ఆ గోడ వెనక ఏం జరుగుతోందో మాకు తెలిసేదే కాదు. ఆ రాత్రి అమ్మ తన పాత కుర్చీలో కూర్చుని చాలాసేపు చదువుకుంది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన సామెత. దీపం కొట్టుకుంటుంటే ఇంకా త్వరగా చక్కబెట్టుకోవాలి.

ఈ నెల మాటలు

మిణుకు మిణుకుమనడం: వెలుగు వస్తూ, పోతూ ఉండడం.
రెపరెపలాడడం: గాలికి మంట గానీ, జెండా గానీ కదలడం.
వత్తి: నూనె పీల్చుకుని మండే నూలు.
కొండెక్కడం: దీపం ఆరిపోవడం. దీపం "ఆరిపోయింది" అనడం పెద్దలకు ఇష్టం ఉండదు. "కొండెక్కింది" అంటారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక మాట అడగండి: చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ దీపం ఉండేది? వాళ్లు చెప్పింది తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పంపండి. తప్పులుంటే ఫర్వాలేదు.