తరిమితే వెళ్లేదెక్కడికి?

పలమనేరు దగ్గర ముసలిమడుగులో కుంకీల, అంటే అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ ఇచ్చిన ఏనుగుల, శిబిరం వచ్చినప్పటి నుంచి చిత్తూరు జిల్లాకు ఏనుగుల బెడద తీరిపోయినట్టే మాట్లాడుతున్నారు. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ ముందు కర్ణాటక ప్రభుత్వం కుంకీలను అప్పగించిన రోజు నుంచి వాటి పేర్లు, బలం, మావటీల నేర్పు గురించి చాలా చెప్పారు, చాలా రాశారు. పొలంలో దిగిన అడవి ఏనుగులను ఆ కుంకీలు ఏ అడవిలోకి తోలాలి, అక్కడ వాటికి చోటుందా అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

చోటు లేదు. జిల్లాలోని కౌండిన్య అభయారణ్యం మొత్తం 357 చదరపు కిలోమీటర్లు. నీలగిరి అడవుల్లో ఏనుగులకు రేడియో కాలర్లు కట్టి 1990లలో చేసిన పరిశీలనల్లో ఒక్కొక్క గుంపు 500 చదరపు కిలోమీటర్లకు పైగా తిరుగుతున్నట్టు తేలింది. అంటే ఆంధ్రప్రదేశ్‌ ఏనుగుల కోసం ప్రకటించిన అభయారణ్యం ఒక గుంపు తిరుగుడుకే చాలదు. అందులో ఉన్నవి ఒక గుంపూ కాదు, పక్క రాష్ట్రాల నుంచి వచ్చిపోయేవి ఆగిందీ లేదు. పైగా ఈ 357 చదరపు కిలోమీటర్లు ఒక్కచోట కుదురుగా లేవు. పలమనేరు నుంచి కుప్పం దాకా సన్నగా సాగిన అడవి ఇది. ఎటు నాలుగడుగులు వేసినా ఏదో ఒక ఊరి పొలం తగులుతుంది.

కుంకీలు అక్కర్లేదని ఎవరూ అనరు. మనుషుల మీద పడే ఒంటి ఏనుగును పట్టి తరలించాలంటే అవి కావాలి. రాత్రంతా టపాసులు పేల్చి, డప్పులు కొట్టి, టార్చిలైట్లతో కాపలా కాసే రైతుకు, ప్రాణాలకు తెగించి ఏనుగుల వెంట నడిచే ట్రాకర్లకు అవి కొంత ఊరట. అయితే కుంకీలు ఈ జిల్లాకు కొత్త కాదు. రామకుప్పం మండలం ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే కుంకీలు ఏళ్ల తరబడి ఉంటూ వచ్చాయి. అవి ఉండగానే పంటలు పోయాయి, మనుషులు పోయారు, ఏనుగులూ కరెంటు తీగలు తగిలి చచ్చాయి. ఆ అనుభవం ఏం నేర్పిందో సమీక్షించకుండానే అదే మందు మోతాదు పెంచారు.

ఈ ఏనుగులు ఇక్కడికి ఎందుకొచ్చాయో ఒకసారి చూడాలి. దాదాపు రెండు శతాబ్దాలు ఏనుగు జాడ లేని ఈ ప్రాంతానికి 1980లలో హోసూరు, ధర్మపురి వైపు నుంచి గుంపులు వచ్చాయి. అక్కడ అడవులు ముక్కలయ్యాయి, కరువు తరిమింది. ప్రభుత్వం 1990 డిసెంబరులో కౌండిన్యను అభయారణ్యంగా ప్రకటించింది. 2003లో రాయల ఏనుగుల రిజర్వు అన్నారు, 766 చదరపు కిలోమీటర్లన్నారు. కాగితం మీద ఇది రెట్టింపు కంటే ఎక్కువే. కానీ ఏనుగుల రిజర్వుకు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్యానికి ఉన్న హోదా లేదు. చట్టబద్ధంగా కౌండిన్య ఆనాడు ఎంతో ఈనాడూ అంతే.

ఈలోగా పొరుగు రాష్ట్రం ఏం చేసిందో చూడండి. తమిళనాడు 2022లో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించింది. తమ కావేరి ఉత్తర అభయారణ్యానికీ కర్ణాటక వైపున్న కావేరి అభయారణ్యానికీ మధ్య తెగిన లంకెను అలా కలిపింది. ఒక్క ప్రకటనతో చేరిన ఆ అడవి కౌండిన్యకు దాదాపు రెండింతలు. మన కౌండిన్యను గుడియాత్తం వైపు అడవితోనో, కోలారు జిల్లా అడవులతోనో కలిపి ఒకే ప్రాంతంగా చూసే ప్రణాళిక ఏదీ? మన సిబ్బంది గుంపును సరిహద్దు దాటిస్తే అవతలి సిబ్బంది ఇవతలికి తోలతారు. మధ్యలో నలిగేది బైరెడ్డిపల్లె, వి.కోట, గంగవరం, బంగారుపాళ్యం మండలాల చెరకు, వరి, అరటి, టమోటా. బెదిరిన గుంపు చీలిపోతే పిల్లలున్న తల్లులు ఇంకా మొండికేస్తాయని ఆ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

అడవి చిన్నదైతే రోడ్డు కూడా దాటాల్సిందే. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర జాతీయ రహదారి మీద వాహనం ఢీకొని మూడు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. వాటిలో రెండు గున్నలు. కొన్నాళ్లు కలకలం రేగి అణగిపోయింది. ఇప్పుడు బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే కూడా పలమనేరు మీదుగానే వస్తోంది. ఏనుగుల దారులు ఎక్కడున్నాయో అటవీ శాఖకు తెలుసు. అక్కడ రాత్రిపూట వేగం తగ్గించడానికి, కింద దారి వదలడానికి కుంకీలేమీ పనికిరావు.

ఇక రైతు సంగతి. ఇదే ప్రభుత్వం సముద్రం దగ్గర ఎంత తెలివిగా ఆలోచిస్తోందో చూస్తే కౌండిన్య రైతుకు కడుపు మండుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తీరమంతటా మర పడవల వేట ఆపుతారు. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచి శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో పంపిణీ మొదలుపెట్టారు. సముద్రంలో జీవం నిలవాలంటే దాని బరువు ఒక్క గంగపుత్రుల మీదే వేయకూడదని సర్కారు ఒప్పుకుంది. వల ఎంత నష్టపోయిందో రుజువు చూపమని వాళ్లనడగలేదు. ఇది నూటికి నూరుపాళ్లు న్యాయం.

పలమనేరు రైతుకు ఆ న్యాయం ఎందుకు లేదు? ఏనుగు తొక్కిన తర్వాత అర్జీ పెట్టుకోవాలి, సిబ్బంది వచ్చి చూడాలి, లెక్క కట్టాలి, పరిహారం కోసం కాచుకోవాలి. కోతకొచ్చిన మడికి పెట్టిన పెట్టుబడి అంతదాకా ఆగదు, అప్పు వడ్డీ అసలే ఆగదు. అభయారణ్యం అంచునున్న ప్రతి సాగుదారుడికీ పంట వేసేటప్పుడే, నష్టంతో నిమిత్తం లేకుండా, ఎకరానికింతని భృతి ఇవ్వాలి. ఏనుగును బతకనిచ్చే బాధ్యత మోస్తున్నది ఆ రైతే. పొలం చుట్టూ దొంగగా కరెంటు తీగ చుట్టే దుస్థితి నుంచి అతన్ని తప్పించేదీ ఇదే.

చిత్తూరు జిల్లా ప్రతినిధులు, అటవీ శాఖ పెద్దలు ఇకనైనా శిబిరాల ప్రారంభోత్సవాలు పక్కన పెట్టాలి. మూడు రాష్ట్రాల అటవీ మంత్రులను ఒకచోట కూర్చోబెట్టి సరిహద్దు అడవులన్నిటికీ ఒకే నిర్వహణ ప్రణాళిక రాసుకోవాలి. ఏనుగు దాటే చోట్ల రహదారి కింద దారులు కట్టాలి. తీరంలో ఇచ్చినట్టే ఇక్కడా రైతుకు ముందే చెల్లించాలి. ఇవేవీ చేయకుండా, 357 చదరపు కిలోమీటర్లలో ఇమడని జీవాన్ని అందులోకే తోలుతూ, కుంకీలను చూపించి రైతుకు ధైర్యం చెప్పడం మోసం.