కొలువు మనదైతే రైలు వాళ్ళదెట్లా?

మగవాళ్ళు బొమ్మలతో ఆడుకుంటే దానికి హాబీ అని పేరు. ఆడవాళ్ళు అదే పని చేస్తే పండగ పని అంటారు. పండగ కాకపోతే ఏమీ తోచక చేస్తోంది అంటారు. ఈ తేడా నాకు ఎప్పటినుంచో నచ్చదు. మా యింట్లోకి బొమ్మ రైలు వచ్చాక ఆ మాట గట్టిగానే చెప్పాలనిపించింది.

ముందు రైలు సంగతి. మాది విడపనకల్లు. బస్సెక్కితే గుంతకల్లు ఎంతో దూరం లేదు. 1956 నుంచి అది రైల్వే డివిజన్ కేంద్రం. చెన్నై నుంచి ముంబై పోయే దారి, బళ్ళారి మీదుగా హుబ్బళ్ళి పోయే దారి అక్కడే కలుస్తాయి. మా చిన్నప్పుడు బళ్ళారి వైపు మీటర్ గేజి బండ్లు తిరిగేవి. ఆ కాలంలో ఇక్కడ పెరిగిన మగపిల్లలకు రైలంటే పిచ్చి. మా ఆయనకు ఆ పిచ్చి తల నెరిసినా పోలేదు. ఆయనా, గుంతకల్లులో ఉండే ముగ్గురు స్నేహితులూ కలిసి మా మిద్దెమీది గదిలో రైలు మార్గం కడుతున్నారు. ఒకాయన రిటైరైన లోకో పైలట్, ఒకాయన బడిపంతులు, ఇంకొకాయనది మోటార్లు వైండింగ్ చేసే షాపు.

ఈ ఆటలో లోకమంతా ఎక్కువగా వాడే కొలత 1:87. దాన్ని హెచ్‌వో అంటారు. ఏ వస్తువైనా అసలుదానిలో ఎనభై ఏడో వంతు ఉంటుంది. మనం రోజూ ఎక్కే పాత నీలం పెట్టె 21 మీటర్లకు కాస్త ఎక్కువ. మా మిద్దెమీద అది 24 సెంటీమీటర్లు, జానెడుకు కొంచెం పైన. నేను ఐదడుగుల రెండంగుళాల మనిషిని. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడితే రెండు సెంటీమీటర్లు కూడా ఉండను. కిలోమీటరు యార్డు కట్టాలంటే పదకొండున్నర మీటర్ల గది కావాలి. అంత గది మా వీధిలో ఎవరికీ లేదు. అందుకే ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని కూర్చుని తేల్చుకోవాలి. ఉన్న డబ్బులతో నెలంతా ఇల్లు నడిపే మనకు ఈ లెక్క కొత్తేం కాదు.

వాళ్ళ వాదనలు వింటే నవ్వొస్తుంది. హెచ్‌వో పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్ రైళ్ళ లెక్క. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు కాబట్టి న్యాయంగా 19.3 రావాలి. మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఈ తేడా మీద నలుగురు పెద్దమనుషులు నాలుగు ఆదివారాలు పోట్లాడుకున్నారు. నేను కాఫీలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయాను. చివరికి దొరికే పట్టాలతోనే సరిపెట్టుకున్నారు.

పట్టాలు, వైర్లు, ఇంజన్లు వాళ్ళవి. పట్టాల పక్కన ఉండే లోకం నాది. కంపచెట్టు ఎండు కొమ్మలకు జిగురు పూసి, రంగు వేసిన రంపపు పొట్టు చల్లితే వేపచెట్టు అవుతుంది. గిన్నెలు తోమే పచ్చ పీచును చింపి అతికిస్తే శనగ చేను. రవ్వ మాత్రం వాడకూడదు, రైలు కంటే ముందు చీమలు వస్తాయి. మా చేని నల్లరేగడి మట్టిని రెండుసార్లు జల్లించి, నీళ్ళలో జిగురు లేకుండా కలిపి, పలచగా పూసి నీడన ఆరబెడతాను. ఎండాకాలంలో మా చేలు బీటలు వారినట్టే అదీ సన్నగా బీటలు వారుతుంది. పొర ఎంత పలచగా ఉంటే బీట అంత సన్నగా వస్తుంది. చూసినవాళ్ళు ఈ పగుళ్ళు ఏ బ్రష్షుతో గీశారని అడుగుతారు. ఎవరూ గీయలేదు. అది అనంతపురం మట్టి, ఎండితే ఏం చేయాలో దానికి తెలుసు.

ఈ విద్య నేను ఎక్కడ నేర్చుకున్నాను? మా పుట్టింటి కొలువులో. దసరాకు మెట్లు కట్టి, పాత చీరలు పరిచి, కొండపల్లి బొమ్మలు పేర్చేవాళ్ళం. కింద మన్ను పోసి ఆవాలు చల్లితే పండగ నాటికి పొలం మొలిచేది. అద్దం ముక్క పెడితే చెరువు, రాళ్ళు పేరిస్తే కొండ, దాని మీద దీపం పెడితే తిరుమల. కోస్తావైపు దీన్నే సంక్రాంతికి పెడతారు. ఎన్ని తరాల ఆడవాళ్ళు ఇట్లా చిన్న లోకాలు కట్టారో ఆలోచించండి. కొలత తెలుసు, రంగు తెలుసు, ఏది ముందుండాలో ఏది వెనకుండాలో తెలుసు. అయినా వాళ్ళలో ఒక్కరిని కూడా కళాకారిణి అనలేదు, హాబీ ఉన్న మనిషి అని కూడా అనలేదు. తొమ్మిది రోజులయ్యాక అన్నీ పెట్టెలో సర్దేసి అంట్లు తోముకోవాల్సిందే.

బొమ్మ రైలు పుట్టుక చూస్తే ఇంకా ఆశ్చర్యం. జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో 1859లో మార్క్లిన్ కంపెనీ మొదలైంది. మొదట వాళ్ళు చేసింది రైళ్ళు కాదు, బొమ్మరిల్లు వంటసామాన్లు. మన లక్కపిడతల్లాంటివే, రేకుతో చేసినవి. యజమాని భార్య పేరు కరోలిన్. ఆ రోజుల్లోనే ఊరూరూ తిరిగి సరుకు అమ్మింది. 1866లో భర్త పోయాక కంపెనీని మూతపడనీయకుండా కొడుకులు అందుకునేదాకా నిలబెట్టింది. ఆ కంపెనీయే 1891లో లైప్‌జిగ్ సంతలో ఒక కొలత ప్రకారం చేసిన పట్టాలతో రైలు సెట్టు పెట్టింది. అంటే ఈ మగవాళ్ళ ఆటకు ముందు నడిచింది మన ఆడపిల్లల వంటిల్లు. ఈ సంగతి నేను చెప్పినప్పుడు మిద్దెమీద నలుగురూ కాసేపు మాట్లాడలేదు.

ఇక ప్రయాణాలు. ఈ హాబీలో సగం సంతోషం తోటివాళ్ళతో కలిసి పోవడమే. హుబ్బళ్ళిలో 2020లో రైలు మ్యూజియం తెరిచారు. మైసూరులో 1979 నుంచే ఉంది. పుణెలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. ఒక మనిషి ఇష్టంతో మొదలైన బొమ్మ ఊరు అది, సర్కస్ గుడారం కూడా ఉంటుంది. ఇవిగాక అక్కడక్కడా బళ్ళల్లో, కాలేజీల్లో ప్రదర్శనలు పెడతారు. నాలుగడుగుల పలకలుగా కట్టిన మా రైలు మార్గాన్ని విప్పి, బొంతల్లో చుట్టి తీసుకుపోతారు. మొదటి రెండేళ్ళూ మా వంతు ఏమిటంటే బొంతలు ఇవ్వడం, దారికి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, చిత్రాన్నం కట్టడం. తిరిగొచ్చాక ఫోనులో ఫోటోలు చూడటం.

ఒక ప్రదర్శన ఫోటోలో బల్ల ముందర పెట్టిన అట్ట కనిపించింది. కట్టినవారు అని నాలుగు పేర్లున్నాయి. నా పేరు లేదు. నేను అడిగాను. "మనింటి పేరే కదా, నీది వేరే నాది వేరేనా?" అన్నాడు మా ఆయన. మంచి మనసుతోనే అన్నాడు. "వేరే కానప్పుడు మీ పేరు తీసి నాది రాయండి, మీకు బాధేముంది?" అన్నాను. ఆయన చాలాసేపు నా వైపే చూసి, పోయి కొత్త అట్ట కోసుకొచ్చాడు. ఆ తర్వాత పుణె ప్రయాణానికి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో నలుగురు మగవాళ్ళతో పాటు ముగ్గురు ఆడవాళ్ళం కూడా గుంతకల్లులో ఎక్కాం. దారిలో తినడానికి కట్టుకుపోలేదు, కొనుక్కున్నాం. ఆకాశం విరిగి పడలేదు.

మా అత్త ప్రశ్న వేరు. "వానల్లేక చేన్లు ఎండిపోతాంటే, వేలు పోసి బొమ్మ ఇంజన్లు కొనేదేందే?" అంటుంది. ఆ ప్రశ్నను నేను తోసేయను. వానలు సరిగా పడని జిల్లా మాది. పంట పోయిన ఏడాది ఇంట్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. మంచి ఇంజన్ బొమ్మ ఒకటి వేలల్లో ఉంటుంది. కానీ కరువు సీమలో పుట్టినంత మాత్రాన మనిషి పని చేయడానికే పుట్టాడని నేను ఒప్పుకోను. కరువు ఏళ్ళలోనే మా ఊళ్ళలో భజనలు, నాటకాలు, కోలాటాలు నడిచాయి. మనసుకు కూడా ఒక తడి కావాలి. కాకపోతే ఆ తడి ఇంట్లో ఒక్కరికే పారితే ఎట్లా? కాలువ నీళ్ళకు వంతులున్నట్టే దీనికీ వంతులుండాలి.

అందుకని మా యింట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి. అప్పు చేసి, బంగారం కుదువపెట్టి హాబీ లేదు. ఆయన ఇంజన్ కొన్న నెలలో అంతే డబ్బు నా పేరున పక్కన పెట్టాలి. నేను దాంతో పుస్తకాలు కొంటానో, రంగులు కొంటానో, ఊరికే దాచుకుంటానో అడగకూడదు. ఆయన ఆదివారం మిద్దెమీద గడిపితే నాకు ఇంకో పూట ఉంటుంది. ఆ పూట వంట ఆయనది, లేదా పొద్దుటి అన్నమే. ప్రయాణానికి టికెట్లు తీసేముందు నన్ను అడగాలి. వస్తానా రానా అన్నది తర్వాత మాట, అడగడం ముఖ్యం.

చాలామంది అక్కచెల్లెళ్ళు మా ఆయనకు ఏ పిచ్చీ లేదు, అదృష్టం అంటుంటారు. నేనట్లా అనుకోను. తాగుడు, పేకాట కాకుండా చేత్తో చేసే ఇష్టం ఒకటి ఉన్న మగవాడు ఇంటికి మంచివాడే. దాన్ని మాన్పించాలని చూడకండి. దాని పక్కన మీ ఇష్టానికీ ఒక గూడు అడగండి. మీకేం ఇష్టమో గుర్తు రాకపోతే పెళ్ళికి ముందు ఏ పని చేస్తూ అన్నం సంగతి మరిచిపోయేవారో ఆలోచించండి. ముగ్గుల పుస్తకమో, కుట్టు పెట్టెనో, అటక మీద కొలువు బొమ్మలో ఉండే ఉంటాయి. ఈసారి దసరా అయిపోయిందని వెంటనే సర్దేయకండి. పదో రోజు కూడా ఉండనివ్వండి. ఎందుకు తీయలేదని ఇంట్లో అడిగితే, ఇది నా హాబీ అని చెప్పండి.