మీర్ మోమిన్ దాయిరాలో ఒక వాగ్గేయకారుడు

హైదరాబాద్‌లో యాకుత్‌పురాకు అట్టే దూరం లేని మీర్ మోమిన్ దాయిరా శ్మశానం పేరు వినగానే మూడో సాలార్‌జంగ్ సమాధి గుర్తొస్తుంది. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌ని కూడా అక్కడే ఖననం చేశారు. 1902లో కసూర్‌లో పుట్టిన ఆయన 1968 ఏప్రిల్‌లో మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. ఈ సంగతి ఎరిగినవాళ్లకైనా ఆయన మహాగాయకుడు, ‘మొఘల్-ఎ-ఆజమ్’లో తాన్‌సేన్ పాత్రకు గొంతిచ్చిన మనిషి, అంతే. ‘సబ్‌రంగ్’ ముద్రతో ఖయాళ్లూ ఠుమ్రీలూ కట్టిన రచయిత మాత్రం ఆ గొంతు చాటున ఉండిపోయాడు. మాతువునూ ధాతువునూ, అంటే మాటనూ పాటనూ, తానే కూర్చినవాడు వాగ్గేయకారుడని 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు చెప్పాడు. ఆ కొలత త్యాగరాజుకు ఒకటీ సబ్‌రంగ్‌కు ఒకటీ ఉండదు. ‘మువ్వగోపాల’ అనగానే క్షేత్రయ్యను పోల్చుకునే తెలుగు చెవికి, ఇంకో ముద్రను పట్టుకోవడం కొత్త విద్యేమీ కాదు.

హిందుస్తానీలో ఇలాంటి రచనను బందిష్ అంటారు. బందిష్ అంటే నాలుగు ముక్కలేగా, తక్కినదంతా అప్పటికప్పుడు అల్లేదే, అందులో రచన ఎంత అని అడగొచ్చు. ఆ మాటకొస్తే మన కచేరీలో కృతికి నెరవూ స్వరకల్పనా లేవా? బందిష్ చిన్నదే కానీ పెత్తనం దానిదే. ముఖ్‌డా, అంటే పాట ఎత్తుగడ, ఏ అక్షరంతో తాళం మొదటి దెబ్బ అయిన సమం మీద వాలాలో అది ముందే తేల్చేస్తుంది. గాయకుడు ఎన్ని తానాలు తిప్పినా మళ్లీ ఆ గడపలోకే రావాలి. పైగా సబ్‌రంగ్ విషయంలో మనకో అదృష్టం ఉంది. అన్నమయ్య రాగిరేకులు 1922లో తిరుమలలో బయటపడ్డాయి. వాటిలో సాహిత్యం ఉంది, రాగం పేరుంది, వరుస లేదు. ఇవాళ మనం వింటున్న బాణీల్లో ఎక్కువభాగం తర్వాతివాళ్లు కట్టినవి. త్యాగరాజ కృతులు శిష్యుల నోట వచ్చాయి కాబట్టి పాఠానికో తీరు. సబ్‌రంగ్ రచనలను మాత్రం రచయిత గొంతులోనే వినే వీలుంది. అందులోనూ పాత 78 ఆర్పీఎం రికార్డులో ఒక పక్కన దొరికేది సుమారు మూడు నిమిషాలే. విస్తరించడానికి చోటు లేని ఆ ఇరుకులో గాయకుడు కాస్త తగ్గి, రచన ముందుకొస్తుంది. కొత్తగా వినేవాళ్లు గంటసేపు సాగే కచేరీ జోలికి పోకుండా, అక్కడే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

చివరి రోజుల్లో హైదరాబాద్ వచ్చిన మనిషి మనవాడెలా అవుతాడన్నది మరో సందేహం. పుట్టుకే లెక్కైతే తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో గడిపిన త్యాగరాజును మనం ఎలా కలుపుకున్నాం? మువ్వ నుంచి బయలుదేరిన క్షేత్రయ్యను గోల్కొండ, తంజావూరు, మధుర ఆదరించలేదా? ఇక ఆ రచనల భాష మనకు రాదన్నది నిజమే. తెలుగు రాని తమిళ శ్రోతలు తరతరాలుగా తెలుగు కృతులు విని తలలూపుతున్నారన్నదీ అంతే నిజం. మాట అందకపోయినా ముద్ర అందుతుంది. అది సాధారణంగా బందిష్ రెండో భాగమైన అంతరాలో, గొంతు పై షడ్జాన్ని తాకే వేళకు అటూ ఇటూగా వస్తుంది. ఒకే రికార్డు నాలుగైదుసార్లు వింటే చాలు, ‘సబ్‌రంగ్’ అన్న మాట ఎక్కడ పడుతుందో చెవి తనంతట తానే కాచుకుని కూర్చుంటుంది.