పతకం ఒకరికి, సముద్రం అందరికీ



2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా మనలో చాలామంది హాస్టల్ టీవీలోనే చూశాం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ పేలిపోగానే ఉప్పల్ దాకా వినపడేలా ఈలలు వేశాం. ఆ ఈలలకు నేనిప్పుడు సిగ్గుపడటం లేదు. కానీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ సబ్‌మెరైన్‌లో ఎవరెవరున్నారు?

సినిమా సంగతి వేరు, చరిత్ర వేరు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఘాజీ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ తీరంలో మునిగింది. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడిలో మునిగిందని మన నౌకాదళం, ప్రమాదవశాత్తు లోపలే పేలిందని పాకిస్తాన్ చెబుతాయి. కమాండర్ జాఫర్ మహమ్మద్ ఖాన్‌తో పాటు 90 మందికి పైగా చనిపోయారు. ఒక్కరూ బతకలేదు.

ఐదు రోజులకే, డిసెంబర్ 9న, మరో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ డయ్యూ దగ్గర మన ఖుక్రీ నౌకను ముంచేసింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చి, ఓడతోనే ఉండిపోయారని బతికినవారు చెప్పారు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. న్యాయమే. కానీ ఆయనతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. సర్టిఫికెట్ మీద నా పేరొక్కటే ఉంది. నాచారం ఫ్యాక్టరీలో నాన్న చేసిన నైట్ షిఫ్టులు దాని మీద లేవు. పరీక్షల రోజుల్లో తెల్లవారకముందే లేచి మనకు టిఫిన్ పెట్టిన వంట అక్క పేరూ లేదు. పతకం కూడా అలాంటిదే. దాని మీద ఒక్క పేరే పడుతుంది. మిగతావాళ్లను గుర్తుపెట్టుకోవడం మన పని.

శత్రువుల కోసం కూడా బాధపడాలా అని తమ్ముళ్లు అడగవచ్చు. 2024లో మన నౌకాదళమే సముద్రం అడుగున ఘాజీ శిథిలాలను గుర్తించింది. చనిపోయినవారి మీద గౌరవంతో వాటిని ముట్టుకోకుండా వదిలేసింది. యుద్ధం చేసినవాళ్లకే ఆ గౌరవం ఉంటే, టీవీ ముందు కూర్చున్న మనకు ఉండకూడదా?

అందుకే నాదొక మనవి. డిసెంబర్ 4 నేవీ డే నాడు మన ప్రార్థనలో ముల్లా గారి పేరుతో పాటు ఆ 194 మందిని, ఘాజీలో పోయినవాళ్లను కూడా ఒక్క నిమిషం తలుచుకుందాం. ఈ వార్షికోత్సవ వేదిక మీద ర్యాంకులు వచ్చినవాళ్ల పేర్లు చదివేముందు వంట అక్కలను, కామాటిని, వాచ్‌మన్ తాతను పేరు పెట్టి పిలుద్దాం.

మునిగేటప్పుడు సముద్రం ఎవరి హోదా చూడలేదు. తలుచుకునేటప్పుడు మనమూ చూడొద్దు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి